నిలవడ్డ అనేదాకా

అల్ కుసైస్,
20 అక్టోబరు 2024.

చిరంజీవి శైలజకు బాపు దీవించి రాసేది.

ఇక్కడ నేను బాగున్నాను. గదిలో ఉన్న మిగతా అయిదుగురూ బాగున్నారు. ఎండ కూడా ఈ వారం నుంచి కొంచెం బుద్ధి తెచ్చుకుంది, పొద్దున తొడుక్కున్న చొక్కా బస్సు ఎక్కేదాకా పొడిగానే ఉంటోంది. అక్కడ నువ్వూ, అమ్మా, బాపమ్మా కులాసాగా ఉన్నారనుకుంటాను. బాపమ్మ మోకాళ్ళకు నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేక సీసా అందంగా ఉందని గూట్లో దాచిందా? ఆమె సంగతి నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను.

సెలవు నుంచి తిరిగొచ్చిన మెట్‌పల్లి చరణ్‌తేజ్ నీ ఉత్తరమూ, అమ్మ పంపిన మామిడికాయ తొక్కూ తెచ్చి ఇచ్చాడు. తొక్కు రెండో రోజుకే సగమైంది. ఈ గదిలో మూత తీసిన డబ్బాకు ఆయుష్షు తక్కువ. ఉత్తరాన్ని మాత్రం దిండు కింద పెట్టుకుని నాలుగైదు సార్లు చదివాను. ‘ఫోన్‌లో అడిగితే నవ్వి మాట మారుస్తావు, కాగితం మీద అయితే తప్పించుకోలేవు’ అని రాశావు. మీ అమ్మ పోలికే.

మీరు ఆరుగురు ఆడపిల్లలు, మీకు కొండలెక్కడం నేర్పిన నాజియా మేడం, అందరూ కలిసి డిసెంబరులో రాస్ అల్ ఖైమా కొండలెక్కడానికి వస్తున్నారని గదిలో చెబితే ఒక్కరూ నమ్మలేదు. మన జగిత్యాల దిక్కు నుంచి దుబాయ్‌కి మేస్త్రీలు వచ్చారు, పెయింటర్లు వచ్చారు, ఇంటిపనికి ఆడవాళ్ళు వచ్చారు. చరణ్‌తేజ్ అయితే, “రాళ్ళు కొట్టనీకి కాదా అన్నా? ఉత్తగ ఎక్కి దిగనీకా?” అని రెండుసార్లు అడిగాడు. ఉత్తగ ఎక్కి దిగనీకే అన్నాను. చెబుతుంటే ఛాతీ ఉబ్బింది, అబద్ధమెందుకు. నీకు శైలజ అని పేరు పెట్టిన పంతులు ముందే చూసినట్టున్నాడు.

నువ్వు పది ప్రశ్నలు వరస అంకెలు వేసి మరీ రాశావు. తొమ్మిదింటికి జవాబులు తేలికే. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం పెన్ను ఆగింది. ‘బాపూ, మొదటిరోజు నేను ఎక్కేటప్పుడు కింద నా తాడు నువ్వే పట్టాలి. పడతావు కదా?’ అని అడిగావు. బిల్డింగుల అద్దాలు తుడుస్తూ ఇరవై అంతస్తుల మీద నుంచి వేలాడిన మనిషికి అదెంత పని అని నీ ఉద్దేశం. దానికి జవాబు చివర్లో రాస్తాను. నువ్వు కూడా ముందుకు దూకకుండా వరసగా చదువు.

రాయి ఎలా ఉంటుందని కదా మొదటి ప్రశ్న. ఊరికే చెప్పడం ఎందుకని పోయిన ఆదివారం స్వయంగా చూసి వచ్చాను. మా కంపెనీ వ్యాను నడిపే తబ్రేజ్, రాయచోటి మనిషి, ఎవరిదో కారు అడిగి తెచ్చాడు. పొద్దున ఆరింటికి బయలుదేరి ఎనిమిదిన్నరకల్లా వాదీలో ఉన్నాం. వాదీ అంటే మన ఎండిన వాగే, కాకపోతే రెండు పక్కలా తాటిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తున కొండలు. బూడిద రంగు రాయి. మన గుండ్ల మాదిరి నున్నగా ఉండదు. పొరలు పొరలుగా, అంచులు పదునుగా ఉంటుంది. చేతికి దొరికే గుంటలు బోలెడు, కానీ దొరికిన ప్రతిదాన్నీ నమ్మకు. పట్టుకునే ముందు అరచేత్తో తట్టు. గట్టిరాయి చేతికే తెలుస్తుంది. గుల్లరాయి లోపల ఎవరూ లేని ఇల్లులాగా పలుకుతుంది. నేను నాలుగు చోట్ల తడితే ఒకచోట పెచ్చు ఊడి కాళ్ళ దగ్గర పడింది. నెత్తి మీద టోపీ ఎవరూ తీయొద్దు, ఫొటోల కోసం అసలే తీయొద్దు.

చలి సంగతి అడిగావు. దుబాయ్‌లో చలేమిటని మీ స్నేహితురాళ్ళు నవ్వుతున్నారట. కొండల మీద డిసెంబరు పొద్దున చేతివేళ్ళు వంగవు, అప్పుడు నవ్వమను. స్వెటర్లు తెచ్చుకోండి. తాగే నీళ్ళు మనమే మోసుకుపోవాలి, వాదీలో చుక్క దొరకదు. అట్లాగని వాన మబ్బు కనబడితే వాదీలో ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు. ఎక్కడో కొండమీద పడిన వాన ఇక్కడికి చెప్పకుండా వస్తుంది. మొన్న ఏప్రిల్‌లో దుబాయ్ రోడ్లే చెరువులైన సంగతి ఫోన్‌లో చూపించాను కదా. ఫోన్‌కు సిగ్నల్ కొన్నిచోట్ల అందదు. మేకలు మాత్రం అన్నిచోట్లా ఉంటాయి, సంచుల్లో తిండి కట్టి పెట్టుకోండి. బస నాజియా మేడం చూసుకున్నారు కాబట్టి దాని జోలికి నేను పోను. వంటకు రైస్ కుక్కర్ నేను తెస్తాను. మీ ఏడుగురికి కావలసిన దానికన్నా తొక్కు రెండు డబ్బాలు ఎక్కువ తెండి, ఇక్కడి వాళ్ళ కళ్ళు దాని మీదే ఉన్నాయి.

తాళ్ళు ఇక్కడ కొనాలా, అక్కడి నుంచి తేవాలా అని అడిగావు. తెచ్చుకోండి. చేతికి అలవాటైన తాడే మంచిది. ప్రతి తాడుకూ పుట్టిన తేదీ చివర చీటీ మీద ఉంటుంది, ముందు అది చూడు. తర్వాత తాడు మొత్తం, ఒక్క బెత్తెడు కూడా వదలకుండా, రెండు చేతుల మధ్య వంచుకుంటూ పో. ఎక్కడైనా మెత్తగా కుంగినా, ఉబ్బినా ఆ తాడు బట్టలు ఆరేసుకోవడానికి ఇచ్చెయ్యి. మూడేళ్ళుగా కంపెనీ స్టోర్‌లో నా పని ఇదే. రోజుకు నలభై తాళ్ళు నా చేతుల మీదుగా పోతాయి. నేను సంతకం పెట్టని తాడు బిల్డింగు ఎక్కదు.

తాడంటే నాకు ముందు గుర్తొచ్చేది దుబాయ్ కాదు, మన ఊరి చేదబావులు. మీ తాత ఎండాకాలం వస్తే చుట్టుపక్కల ఊళ్ళలో బావుల పూడిక తీసేవాడు. నేను ఇంటర్ తప్పిన ఏడాది నన్ను వెంట తీసుకుపోయాడు. చదువు నెత్తికెక్కకపోతే బావిలోకి దిగు అన్నాడు, దింపాడు. ఆ మొదటి బావి ఎప్పటికీ మరిచిపోలేను. నడుముకు తాడు, పైన గుండ్రంగా ఆకాశం, ఆ గుండ్రంలో మీ తాత తలకాయ. దిగుతున్నకొద్దీ ఆకాశం పళ్ళెమంత అయింది, తర్వాత గిన్నెంత. పాచి వాసన, చల్లదనం, గోడల్లో పావురాలు. కాళ్ళు బురదకు తగిలాయి కానీ అది నేలా, నీళ్ళా తెలియదు. పైనుంచి మీ తాత ‘గంగా’ అని పిలిచాడు. నేను ఊ అన్నాను. తాడు వదలలేదు. మళ్ళీ పిలిచాడు. ఆఁ అన్నాను. అయినా వదలలేదు. మూడోసారికి గొంతు పెంచి, “ఊ గీ కాదురా, నిలవడ్డ అను. నువ్వు నిలవడ్డ అనేదాంక నేను తాడు ఇడువ” అన్నాడు. రెండు కాళ్ళూ బురదలో తొక్కి, కింద గట్టి తగిలాక, ‘బాపూ, నిలవడ్డ’ అని అరిచాను. అప్పుడు వదిలాడు.

అది మా ఇంటి మాట కాదు, పూడిక తీసే వాళ్ళందరి మాట. దిగినవాడు అయిపోయింది అన్నా, సరే అన్నా, బాగుంది అన్నా పైవాడు కదలడు. కాళ్ళ కింద గట్టి ఉంది, నిలబడ్డాను అని చెప్పే మాట అదొక్కటే. ఆ రెండేళ్ళు ఎన్ని బావులు దిగానో లెక్కలేదు. బోర్లు వచ్చి బావులు పోయాయి, మీ తాత పోయాడు, నేను ఇటు వచ్చాను. ఇప్పుడు చేదబావి ఎక్కడైనా కనబడితే లోపలికి వంగి చూస్తాను, దాని మీద ఇనుప జాలి ఉంటుంది.

నీకు ఆ మాట కొత్త కాదు. నీకు ఆరేళ్ళప్పుడు నేను సెలవు మీద వస్తే, నువ్వు బడి వెనక పెద్దగుండు ఎక్కి కూర్చుని దిగడం రాక ఏడిచావు. ఊరంతా కింద చేరి తలా ఒక సలహా. నేను పక్క నుంచి ఎక్కి, బాపమ్మ పాత చీర నీ నడుముకు కట్టి, పైనుంచి మెల్లగా జార్చాను. నిలవడ్డ అనేదాకా చీర వదలనని చెప్పాను. కాళ్ళు నేలకు తగిలినా నువ్వు అనలేదు. అంటే ఆట అయిపోతుందని తెలిసి, చీర కొసకు వేలాడుతూ గిరగిరా తిరిగావు. ఆ సాయంత్రం మీ అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ తీయగానే ఉన్నాయి. ఈ దేశంలో ఇరవై ఏళ్ళు గడిచాయి బిడ్డా, నీతో గడిపినవి అన్నీ కలిపి మూడేళ్ళు కూడా కావు. అందుకే ఒక్కో సాయంత్రాన్నీ ఇంత భద్రంగా దాచుకున్నాను.

ఇక రాజేశ్వర్ కాక సంగతి. ఆయన నీకు ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కాకగానే ఎక్కువ తెలుసు. నాకు పదకొండేళ్ళ జోడీ. పెద్ద పెద్ద బిల్డింగుల అద్దాలు తుడిచే పనిలో ఇద్దరం ఒకే రోజు చేరాం. ఆయన కింద వేలాడితే నేను పైన కాపలా, నేను వేలాడితే ఆయన. మధ్యాహ్నం టెర్రస్ మీద నీడ వెతుక్కుని డబ్బాలు విప్పేవాళ్ళం. సముద్రం వైపు చెయ్యి చాపి, ‘గదిగో అన్నా, గట్ల సక్కగ పోతే మనూరే’ అని రోజూ ఒకే జోకు వేసేవాడు. నేను రోజూ నవ్వేవాణ్ణి. నువ్వు ఫోన్ మీద పెట్టుకున్న ఫొటో, నేను అద్దం మీద ఆకాశంలో నిలబడినట్టున్నది, ఆయన తీసిందే. నువ్వు కొండలెక్కుతానంటే మీ అమ్మ వద్దని కూర్చున్నప్పుడు, ఇంటికొచ్చి ఒప్పించిందీ, దండెం తాడుతో నీకు ఎనిమిది అంకె ముడి నేర్పిందీ ఆయనే. ఆయన కుడికాలు ఎందుకు ఈడుస్తాడని ఎవరడిగినా ‘దుబాయ్‌ల ఒంటె తన్నింది’ అంటాడు. ఊరంతా నవ్వుతుంది. నువ్వూ నవ్వి ఉంటావు.

ఒంటె తన్నలేదు బిడ్డా. నా వల్ల పడ్డాడు.

2021 జూన్. ఎండాకాలంలో ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి బయట పని బంద్. ఆ లోపల వరస ముగించాలని మా ముదీర్, అదే మా మేనేజరు, పొద్దుటి నుంచి యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. పన్నెండు దాటింది. రాజేశ్వర్ కింద అద్దాలు తుడుస్తున్నాడు, నేను టెర్రస్ మీద తాళ్ళ దగ్గర ఉన్నాను. చేతి రేడియోలో ‘ఖలాస్’ అన్నాడు. ఇక్కడ ఖలాస్ అనే మాటకు హద్దు లేదు. అన్నం అయిపోయినా ఖలాస్, పని అయిపోయినా ఖలాస్, నౌకరీ పోయినా ఖలాస్. అతని బకెట్లో నీళ్ళు అయిపోయాయి, అదీ అతను చెప్పింది. దిగిపోయాడు, తాడు విప్పుకున్నాడు అని నేను విన్నాను. తాళ్ళు పట్టి చూస్తే రెండూ వదులుగా ఉన్నాయి. అతను మొదటి అంతస్తు పైన అంచు మీద నిలబడి ఉన్నాడని, బరువు కాళ్ళ మీద ఉంది కాబట్టే వదులయ్యాయని నాకు తోచలేదు.

విప్పే ముందు పిట్టగోడ దగ్గరికి పోయి వంగి చూడాలి. అది రూలు. పిట్టగోడ అయిదడుగుల దూరంలో ఉంది. ఆ అయిదడుగులు వేయలేదు. తాళ్ళు ఎత్తేద్దామని రెండు ముళ్ళూ విప్పేశాను. కింద అతను ఆఖరి అద్దం అందుకోవడానికి తాడును నమ్మి వెనక్కి ఒరిగాడు.

తుంటి విరిగింది, మోకాలు నుజ్జయింది. ప్రాణం మిగిలింది. ఆసుపత్రిలో కంపెనీ వాళ్ళు అడిగితే, ‘కొక్కేలు నేనే విప్పుకున్నాను, కాలు జారింది’ అని రాజేశ్వర్ వాళ్ళకు హిందీలో చెప్పాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. నోరు తెరవబోతే నా చెయ్యి పట్టి, “నువ్వు మాట్లాడకు అన్నా. నాకు వెనుక ఎవ్వరు లేరు. నీకు బిడ్డ చదువుతున్నది” అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయన తప్పని రాసుకుని, ఆయన్ని ఇంటికి పంపేశారు. నా పిరికితనానికి ఆయన పెట్టిన పేరు నువ్వు. ఆ పేరు వెనక మూడేళ్ళు దాక్కున్నాను.

స్టోర్‌కు మారానని చెబితే ప్రమోషన్ అనుకుని మీ అమ్మ వాడంతా పేడాలు పంచింది. అది ప్రమోషన్ కాదు. మనిషి వేలాడే తాడు దగ్గర ఇక ఉండలేనని నేనే అడిగి మారాను. అప్పటి నుంచి ఏ మనిషి బరువూ నా చేతిలోకి రానివ్వలేదు.

నీ ఏడో ప్రశ్న చదివాక, అసలు పట్టగలనా లేదా చూసుకోవాలని మొన్న వాదీకి స్టోర్‌లో అడిగి ఒక తాడు తీసుకుపోయాను. పక్కదారిన పైకెక్కి, గట్టి బండకు పట్టీ చుట్టి, కొక్కెం లోంచి తాడు వేసి వచ్చాను. తబ్రేజ్ నవ్వుకుంటూ నడుముకు కట్టించుకుని రెండు నిలువులు ఎక్కాడు. పట్టాను. మెల్లగా దింపాను. దిగి, ‘ఖలాస్ అన్నా’ అన్నాడు. నేను తాడు వదలలేదు. కారు వైపు నడవబోతే తాడు బిగిసి వెనక్కి వచ్చాడు. “నేను కిందనే ఉండా కదన్నా, ఇంక వదులు” అన్నాడు. వినబడుతోంది, కనబడుతోంది, వేళ్ళు మాత్రం విడివడలేదు. నీళ్ళ సీసా అందుకోవడానికి కట్టేసిన మేకలాగా రెండుసార్లు లాగి చూశాడు. చివరికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. అక్కడ, ఆ రాళ్ళ మధ్య, మొదటిసారి ఒక మనిషికి ఇదంతా చెప్పాను. అంతా విని, ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చాడు. చాయ్ పట్టుకోవడానికి తాడు వదిలాను.

ఆ సాయంత్రమే రాజేశ్వర్‌కు ఫోన్ చేసి నీ ప్రశ్న చెప్పాను. పట్టనని రాసేస్తాను, నడుము నొప్పి అని ఏదో ఒకటి చెబుతాను అన్నాను. దానికి రాజేశ్వర్ అన్నాడు: “ఒంటె ముచ్చట నీ కోసం చెప్పిన అన్నా. పిల్లకు అబద్ధం చెప్పుమని చెప్పలే. తాడు కట్టుకునేటోళ్ళకు తాడు పట్టేటోని సంగతి తెల్వాలె. మొత్తం చెప్పు. చెప్పినంక ఇస్తే పట్టు, ఇయ్యకుంటే పక్కకు జరుగు.”

అందుకే ఈ ఉత్తరం. ఇది చదివాక కాక దగ్గరికి పో. ఒంటె కాదని తెలిసిందని చెప్పు. ఆయన ఎప్పటిలాగే నవ్వి చాయ్ తెప్పిస్తాడు, నువ్వు తాగు. నా తరఫున క్షమాపణ చెప్పమని అడగను, అది నేనే వచ్చి చెప్పాలి. ఫిబ్రవరిలో సెలవు అడిగాను. అమ్మకు కూడా అప్పుడే ఎదురుగా కూర్చుని చెబుతాను. కంపెనీలో రాసిన తప్పుడు మాట సంగతి రేపు మా ముదీర్‌కు చెబుతున్నాను. దానికి ఏం జరిగినా జరగనీ. డిసెంబరు దాకా ఉండనిస్తే వాదీలో నన్ను చూస్తావు. ఉండనివ్వకపోతే మీ తాడు నాజియా మేడం పడతారు, రైస్ కుక్కర్ తబ్రేజ్ తెస్తాడు, నేను ఇంటి దగ్గర ఫొటోల కోసం చూస్తుంటాను.

నేను అక్కడ ఉండి, నువ్వు తాడు నా చేతికి ఇవ్వకపోయినా ఏమీ అనుకోను. కింద నీళ్ళ సీసాలు పట్టుకుని, మేకలను అదిలిస్తూ, నువ్వు ఎక్కుతుంటే మెడ నొప్పెట్టేదాకా చూస్తాను. నువ్వు జాలిపడి ఇవ్వొద్దు. కూతురివి కాబట్టి ఇవ్వాలనీ అనుకోవద్దు. నీ బరువు నీది, ఎవరి చేతిలో పెట్టాలో నువ్వే చూసుకో.

ఒకవేళ ఇస్తే మాత్రం ఒక్క షరతు. దిగాక ఓకే అనొద్దు, అయిపోయింది అనొద్దు, ఇక్కడి మాట అసలే అనొద్దు. రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, కింద గట్టి ఉందని చూసుకుని, పెద్దగుండు దగ్గర నేను అనమన్న మాట అను. చిన్నప్పటిలాగా అనకుండా ఆడించినా సరే, చీకటి పడినా సరే, ఆ మాట నా చెవిన పడేదాకా తాడు నా చేతిలోనే ఉంటుంది.

ఇట్లు,
నీ మాట కోసం చెవి ఒగ్గి ఉన్న
నీ బాపు,
గంగాప్రసాద్.